బుజ్జి పాదాలకు బిగుతు బూట్లెందుకు?

చీపురు పుల్ల ఒకటి విరిచి, పాప పాదం పక్కన పెట్టి, మడమ నుంచి బొటనవేలి కొస దాకా కొలుచుకుని, ఆ పుల్లను పర్సులో వేసుకుని చెప్పుల షాపుకు వెళ్లడం మనలో చాలామందికి అలవాటే. కొందరు దారంతో కొలుస్తారు. షాపతను కూడా ఆ పుల్లను బూటులో పెట్టి చూసి 'సరిపోతాయమ్మా' అనేస్తాడు. ఇంటికొచ్చి తొడిగితే పొడవు బాగానే ఉంటుంది... పాదం మాత్రం లోపలికి పోదు! పిల్ల ఏడుపు, మనకు చెమటలు. 'కొత్తవి కదా, రెండ్రోజులు పోతే అవే సాగుతాయి' అని చుట్టూ ఉన్నవాళ్ల ఓదార్పు.

పుల్లకు పొడవే తెలుసు. వెడల్పు తెలియదు. చిక్కంతా అక్కడే వస్తోంది.

మేముండేది హన్మకొండలో. మా పాపకు రెండేళ్ల మూడు నెలలు. పాదం పొడవు పదమూడున్నర సెంటీమీటర్లు, వెడల్పు ఆరున్నర. అంటే పొడవులో ఇంచుమించు సగం! గత ఆర్నెల్లుగా ఈ బుజ్జి పాదాల కోసం హన్మకొండ చౌరస్తా నుంచి వరంగల్ జేపీఎన్ రోడ్డు దాకా నేను ఎక్కని షాపు మెట్లు లేవు. ఆ తిరుగుడులో తెలిసిన సంగతులు నాలాంటి అమ్మలకు పనికొస్తాయని ఇలా రాస్తున్నాను.

అత్తమ్మ కాళ్లే వచ్చాయి!

పాప రెండో పుట్టినరోజుకు మా తమ్ముడు హైదరాబాద్ నుంచి బూట్లు తెచ్చాడు. గులాబీ రంగువి, ముందు కొస సన్నగా, మీద తళుకుల పువ్వు. మేనమామ తెచ్చిన కానుకాయె! ఇంటినిండా చుట్టాలున్నారు. అందరి ముందూ తొడగబోతే మడమ దిగలేదు. ఒకరు పౌడరు వేయమన్నారు, ఒకరు సాక్సు తీసేయమన్నారు. ఎలాగో దూర్చారు. పిల్ల నాలుగడుగులు వేసి కింద కూర్చుండిపోయింది. విప్పి చూస్తే చిటికెన వేలి పక్కన ఎర్రగా కంది ఉంది, మీగాలి మీద బూటు అంచు గీత దిగింది.

అప్పుడు మొదలయ్యాయి మాటలు. 'ఆడపిల్లకు గింత ఎడల్పు కాళ్లేందే? రేపు మెట్టెలు పెడితే అందముంటదా?' అని ఒక పెద్దావిడ. 'బూట్లు వేసి అలవాటు చేస్తే పాదం సన్నగా పెరుగుతుంది' అని ఇంకొకావిడ. రెండేళ్ల పిల్లకు మాటలన్నీ అర్థం కాకపోవచ్చు గానీ, అందరూ తన కాళ్ల వైపే చూస్తున్నారని మాత్రం అర్థమైంది. గౌను కిందికి పాదాలు లాక్కుంది. నాకు మనసు చివుక్కుమంది.

మా అత్తమ్మ ఆ బూట్లు తీసి పక్కన పెట్టి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. 'నా కాళ్లే వచ్చినయ్ పిల్లకు. ఎడల్పు కాళ్లు గట్టిగ నిలవడతయ్ బిడ్డా' అంది. ఆ రాత్రి ఆమె పాదాలు పరీక్షగా చూశాను. బొటనవేళ్లు రెండూ పక్క వేళ్ల మీదికి ఒరిగి ఉన్నాయి. వేలి మొదట్లో బొడిపె. చిటికెన వేళ్ల మీద ఆనెకాయలు. పెళ్లికి, పండుగకు అని కొన్న ప్రతి జోడూ ఆమెకు బిగుతేనట. 'కొసకు బొటనవేలు ఆనితె సైజు సరిపోయినట్టే అనేటోళ్లు. నొస్తుందని చెప్తె, చెప్పులన్నాక నొయ్యవా అనేటోళ్లు' అని నవ్వింది. మిగతా రోజులన్నీ రబ్బరు హవాయి చెప్పులతోనే వెళ్లదీసిందట. ఆ నవ్వు విన్నాక, మా పాప కథ కూడా ఇలాగే నడవకూడదని గట్టిగా అనుకున్నాను.

ఇది లోపమా?

మొదట పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పాపను ఉత్త కాళ్లతో నడిపించి చూశారు. నిలబెట్టి చూశారు. మడమలు, చీలమండలు తిప్పి చూశారు. ఆ తర్వాత చెప్పిందేమంటే...

నడక నేర్చే వయసులో పిల్లల పాదం పెద్దవాళ్ల పాదానికి చిన్న నమూనా కాదు. దాని ఆకారమే వేరు. మడమ దగ్గర సన్నగా, వేళ్ల దగ్గర విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. అరికాలి వంపు ఉండే చోట కొవ్వు మెత్తలా పేరుకుని ఉంటుంది కాబట్టి అడుగు చదునుగా కనిపిస్తుంది. నీళ్లలో తడిసిన పాదంతో గచ్చు మీద అడుగు వేయిస్తే పాదం మొత్తం అచ్చు పడుతుంది. దాన్ని చూసి 'మా వాడిది చదును పాదం' అని కంగారు పడాల్సిన పని లేదు. వంపు సాధారణంగా ఐదారేళ్లకు తేలుతుంది, కొందరిలో ఇంకాస్త ఆలస్యమవుతుంది.

ఇక పాదంలోని ఎముకల్లో చాలా భాగం ఈ వయసులో ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటుంది. అందుకే బిగుతు బూటులో కూడా ఎలాగోలా ఇమిడిపోతుంది. పెద్దవాళ్లమైతే 'అమ్మో' అంటాం. పిల్లలు చాలాసార్లు ఏమీ అనరు. ఏడవలేదు కాబట్టి సరిపోయాయి అనుకోవడానికి వీల్లేదు. పదేపదే కూర్చుండిపోవడం, బూట్లు పీకి పారేయడం, ఎత్తుకోమని చేతులు చాపడం... ఇవే వాళ్ల మాటలు.

అయితే డాక్టరుకు తప్పక చూపించాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. రెండు పాదాల్లో ఒకటి మాత్రమే వెడల్పుగానో వాపుగానో ఉన్నా, కుంటుతున్నా, పాదం బిగుసుకుపోయి కదలకున్నా, ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తున్నా, పద్దెనిమిది నెలలు నిండినా నడక రాకపోయినా ఆలస్యం చేయొద్దు. ఇవేవీ లేకుండా రెండు పాదాలూ ఒకేలా వెడల్పుగా, మెత్తగా, నొప్పి లేకుండా ఉంటే అది అమ్మమ్మ నుంచో నాయనమ్మ నుంచో వచ్చిన పోలిక. ముక్కులాగా, జుట్టులాగా!

నంబరు చెప్పేది సగమే

బూటు అడుగున ఉండే నంబరు అసలు దేన్ని చెబుతుంది? మన షాపుల్లో ఎక్కువగా కనిపించే ఇంగ్లిష్ నంబర్లకు మూలం బార్లీ గింజ అంటే నవ్వొస్తుంది కానీ నిజం. మూడు బార్లీ గింజల పొడవు ఒక అంగుళం. సైజుకూ సైజుకూ తేడా ఒక గింజ, అంటే అంగుళంలో మూడో వంతు, మన లెక్కన ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. పిల్లల సైజులు నాలుగు అంగుళాల దగ్గర సున్నాతో మొదలై 13 దాకా వెళ్లి, మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. కొన్ని జోళ్ల మీద 22, 23 అని ఉండేవి యూరప్ నంబర్లు. అక్కడ సైజుకూ సైజుకూ తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు.

ఏ పద్ధతిలో చూసినా ఆ అంకె చెప్పేది పొడవే. ఇంగ్లండ్‌లో పిల్లల బూట్లు కొన్ని ఎఫ్, జి, హెచ్ అని వెడల్పును బట్టి కూడా దొరుకుతాయి. మన దగ్గర మామూలు షాపుల్లో నంబరుకు ఒకే వెడల్పు. బూటును కట్టె లేదా ప్లాస్టిక్ అచ్చు మీద కుడతారు. ఆ అచ్చు ఎవరి పాదం కొలతతో చేశారో ఆ పాదానికే అది పొందుతుంది.

మరి మన పాదాల కొలత ఎవరైనా తీశారా? తీశారు! చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ (సీఎల్ఆర్ఐ) 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశంలోని 79 చోట్ల 1,01,880 మంది పాదాలను యంత్రాలతో కొలిచింది. 2024లో ఆ వివరాలు పత్రికల్లో వచ్చాయి. యూరప్, అమెరికా వాళ్లకన్నా భారతీయుల పాదాలు వెడల్పుగా ఉంటాయని అందులో తేలింది. వెడల్పు చాలక మనవాళ్లు పొడవులో పెద్ద సైజు కొనుక్కుని ఇబ్బంది పడుతున్నారని కూడా గమనించారు. మన పాదాలకు తగ్గట్టు 'భ' అనే కొత్త కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. 'భ' అంటే భారత్. అందులో పసిపిల్లలకు ఒక వర్గం, ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలకు ప్రత్యేకంగా మరో వర్గం... ఇలా మొత్తం ఎనిమిది వర్గాలు.

ఈ సంగతి మా అత్తమ్మకు చదివి వినిపించాను. 'అంటే నా కాళ్లది తప్పు కాదన్నట్టు' అంది. అవును, తప్పు అచ్చుది. ఆ మాట ఆమెకు యాభై ఏళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

అసలు బూట్లు ఎప్పుడు కావాలి?

ఇంట్లో ఉన్నంతసేపూ ఉత్త కాళ్లే మేలు. పాదం నేలను తాకినప్పుడే వేళ్లు పట్టు నేర్చుకుంటాయి, కండరాలు గట్టిపడతాయి. దీనికి మన పొరుగునే జరిగిన ఒక పరిశోధన సాక్ష్యముంది. కర్ణాటకకు చెందిన డాక్టర్లు యు.బి.రావు, బెంజమిన్ జోసెఫ్ నాలుగు నుంచి పదమూడేళ్ల లోపు 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి 1992లో ఫలితాలు ప్రకటించారు. చెప్పులు, బూట్లు వాడే పిల్లల్లో నూటికి 8.6 మందికి చదును పాదాలుంటే, ఉత్త కాళ్లతో తిరిగే పిల్లల్లో 2.8 మందికే ఉన్నాయి. ముందు భాగం మూసి ఉన్న బూట్లు వేసుకునేవారిలో ఎక్కువ, శాండల్స్, స్లిప్పర్లు వేసుకునేవారిలో తక్కువ. బూట్లు వేస్తే పాదం 'చక్కబడుతుంది' అనే మాటకు ఇది గట్టి జవాబు.

అలాగని బయట కూడా ఉత్త కాళ్లతో వదలగలమా? మే నెలలో మన వరంగల్ ఎండ 43, 44 డిగ్రీలకు చేరుతుంది. తారు రోడ్డు సంగతి సరే, గుడి ముందు బండరాళ్ల మీద కూడా పెద్దవాళ్లమే ఎగిరెగిరి నడుస్తాం. వానాకాలంలో బురద, గాజు పెంకులు, మేకులు. మురికి నేల మీద ఉత్త కాళ్లతో తిరిగితే కొంకి పురుగులు చర్మంలోంచి లోపలికి వెళతాయి. కాబట్టి ఇంట్లో వద్దు, బయట తప్పదు. ఆ తప్పని కాసేపు పాదానికి కాపుదల ఇస్తూ, దాన్ని నలపకుండా ఉండేదే మంచి జోడు.

కాగితం మీద పాదం

పుల్లను పక్కన పెట్టేసి ఒక తెల్ల కాగితం, పెన్సిల్, స్కేలు తీసుకోండి. ఇలా చేయండి.

* సాయంత్రం పూట కొలవండి. పగలంతా ఆడి వచ్చాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ కొలతే అసలైన కొలత.

* కాగితాన్ని గోడకు ఆనించి గట్టి నేల మీద పరచండి. పాప మడమ గోడకు ఆనేలా నిలబెట్టండి. ఒళ్లో కూర్చోబెట్టి కొలవొద్దు. బరువు పడ్డప్పుడే పాదం పూర్తిగా విచ్చుకుంటుంది.

* పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీయండి. లోపలికి వంచితే కొలత తగ్గిపోతుంది. చక్కిలిగింతలు పుట్టి పిల్లలు పాదం తీసేస్తుంటారు. ఇద్దరుండి, ఒకరు కబుర్లు చెబుతుంటే ఒకరు గీయడం సులువు.

* రెండు పాదాలూ గీయండి. తేడా ఉండటం మామూలే. పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

* మడమ నుంచి అన్నిటికన్నా పొడవైన వేలి దాకా పొడవు. అది బొటనవేలే కానక్కర్లేదు. బొటనవేలి మొదలు నుంచి చిటికెన వేలి మొదలు దాకా, బాగా విశాలంగా ఉన్న చోట వెడల్పు. రెండూ కాగితం మీద రాయండి. తేదీ కూడా.

* మీగాలు బొద్దుగా ఉండే పిల్లలకు ఇంకో కొలత కావాలి. టేపును ఆ వెడల్పాటి చోట పాదం చుట్టూ తిప్పి చుట్టుకొలత తీయండి.

ఇప్పుడు పొడవుకు ఒక సెంటీమీటరు కలపండి. అది వేళ్లు కదలడానికి, కాస్త పెరగడానికి. మా పాపకు పదమూడున్నరకు ఒకటి కలిపితే పద్నాలుగున్నర. ఇంగ్లిష్ నంబరులో దాదాపు 5, యూరప్ నంబరులో 22. కంపెనీని బట్టి అటూ ఇటూ అవుతుంది కాబట్టి నంబరును నమ్మి కొనేయకుండా లోపలి కొలతే చూసుకోవాలి.

ఇక ఆ గీసిన పాదాన్ని కత్తిరించి అట్టకు అంటించండి. షాపుకు పాపతో పాటు ఈ అట్ట పాదం కూడా రావాలి. దాన్ని బూటులో పడుకోబెట్టి చూడండి. పక్కలు పైకి మడత పడ్డాయంటే ఆ బూటు ఇరుకు, ఇక పిల్ల కాలికి తొడిగి ఏడిపించే పనే లేదు. లోపలి అట్ట ఊడి వచ్చే రకమైతే ఇంకా తేలిక. దాన్ని బయటికి తీసి, దాని మీద పాపను నిలబెట్టండి. వేళ్లు అంచు దాటి బయటికి వస్తే వద్దని చెప్పేయండి.

'రెండు సైజులు పెద్దవి తీసుకోండి'

షాపుల్లో నేను ఎక్కువసార్లు విన్న సలహా ఇదే. 'వెడల్పు సరిపోతుంది, రెండేళ్లు వస్తాయి కూడా' అంటారు. వినడానికి రెండు పిట్టలు ఒకే దెబ్బకు! కానీ లెక్క వేసి చూడండి. 5కు బదులు 7 తీసుకుంటే పొడవు పదిహేడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే మా పాప వేళ్ల ముందు రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ. పాదం ముందుకు జారుతుంది, మడమ పైకి లేస్తుంది, బూటు వంగాల్సిన చోట వంగదు. అప్పుడప్పుడే నడక కుదురుతున్న పిల్ల గడప దగ్గర బోర్లా పడుతుంది. ఒక షాపులో తొడిగి చూపించిన పెద్ద జోడుతో మా పాప నాలుగో అడుగుకే తూలింది. పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

మరి ఏం చూడాలి?

ముందు భాగం: వేళ్ల దగ్గర గుండ్రంగా, వెడల్పుగా, ఎత్తుగా ఉండాలి. సన్న కొస ఎంత ముద్దొచ్చినా వద్దు. 

నోరు: బూటు బాగా తెరుచుకోవాలి. అంటుకునే పట్టీ, అదే వెల్‌క్రో, లేదా బకిల్ ఉంటే మీగాలిని బట్టి వదులు చేసుకోవచ్చు. పట్టీలు వేలి మొదళ్ల దాకా తెరుచుకునేవైతే మరీ మంచిది. ఏ పట్టీ లేకుండా కాలు దూర్చేసే రకాలు వెడల్పు పాదాలకు పనికిరావు.

మడమ: వెనక భాగం మడమను వదలకుండా పట్టుకోవాలి. వెడల్పు పాదాల పిల్లలకు కూడా మడమ సన్నగానే ఉంటుందని మరచిపోవద్దు.

అడుగు: రెండు చేతులతో వంచి చూడండి. వేళ్లు వంగే చోట తేలిగ్గా వంగాలి. నడిమి భాగంలో మడత పడకూడదు. పలచగా, జారకుండా ఉండాలి. ఎత్తు మడమలు ఈ వయసుకు అసలే వద్దు.

పై భాగం: మెత్తటి తోలు, నూలు గుడ్డ, గాలాడే జాలీ ఉన్నవి మన ఎండలకు సుఖం. గట్టి ప్లాస్టిక్, రెగ్జిన్ రకాలు సాగవు, చెమట పట్టిస్తాయి. తళుకుల పువ్వులు లోపల ఎక్కడ కుట్టారో వేలు పెట్టి తడిమి చూడండి. మా పాపకు గీరుకున్నది ఆ పువ్వు వెనక కుట్టే.

అడుగు వేస్తే కుయ్ కుయ్ మనేవి, దీపాలు వెలిగేవి పిల్లలకు మహా సరదా. కాదనను. కానీ కూత కోసం పెట్టిన మడమ గట్టిగా, ఎత్తుగా ఉందేమో చూసి కొనండి. సాక్సు సంగతి కూడా చూడాలి. బిగుతు సాక్సు బిగుతు బూటంత పనీ చేస్తుంది. షాపుకు వెళ్లేటప్పుడు రోజూ వేసే సాక్సే వెంట తీసుకెళ్లండి.

నా అనుభవంలో మన వాతావరణానికి, వెడల్పు పాదాలకు అన్నిటికన్నా కుదిరింది ముందు తెరిచి ఉండి, వెనక పట్టీ ఉన్న శాండల్స్. మీద రెండు, మడమకు ఒకటి, మూడు పట్టీలూ వెల్‌క్రోవే. ఆడపిల్లల వరసలో దొరక్క, మగపిల్లల వరసలో దొరికాయి! చూడగా చూడగా ఆడపిల్లల జోళ్లే ఎక్కువగా సన్నగా కుట్టి ఉన్నాయి. రంగు నీలమైతేనేం? పాప వాటిని వేసుకుని షాపు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తింది. అంతకన్నా పరీక్ష ఇంకేముంది!

చెప్పులు కుట్టే అతని సాయం

ఇంట్లో ఇప్పటికే కొని పెట్టినవి కాస్త బిగుతుగా ఉంటే పారేయనక్కర్లేదు. తోలువైతే చెప్పులు కుట్టే అతను అచ్చు మీద ఎక్కించి ఒకటి రెండు రోజులుంచి కొంత వదులు చేయగలడు. పట్టీని విప్పి ఇంకాస్త పొడుగు పట్టీ కుట్టగలడు. మా వీధి చివర కూర్చునే పెద్దాయన మీగాలి మీద పట్టుకునే ఒక జోడుకు ఇలాగే పట్టీ మార్చి ఇచ్చాడు. రెగ్జిన్, ప్లాస్టిక్ అయితే మాత్రం 'ఇది సాగదమ్మా, పగులుతది' అని ఉన్నమాట చెప్పేశాడు. అడుగే ఇరుకైతే ఎవరూ ఏమీ చేయలేరు.

ఆయనే ఒక మాట అన్నాడు. వెనకట ఊళ్లలో కిర్రు చెప్పులు కుట్టేటప్పుడు మనిషిని తోలు మీద నిలబెట్టి పాదం చుట్టూ గీసుకునేవాళ్లట. ఎవరి పాదానికి వాళ్ల చెప్పు. నంబరు అనే మాటే లేదు. కొత్త చెప్పు కరిచినా ఆముదం రాసి మెత్తబరిచేవాళ్లు. ఇప్పటికీ తోలు శాండల్స్ కుట్టించి ఇచ్చేవాళ్లు మీ ఊళ్లో ఉంటే అట్ట పాదం తీసుకెళ్లి అడిగి చూడండి. నేను అలాగే మా అత్తమ్మ పాదం కూడా కాగితం మీద గీశాను. మనవరాలి పాదం పక్కనే నాయనమ్మ పాదం... చిన్నదీ పెద్దదీ, ఒకటే ఆకారం! అరవై దాటిన ఆమె పాదాన్ని వెడల్పుగా కొలవడం అదే మొదటిసారి. నెల తిరిగేసరికి ఆమెకూ ముందు విశాలంగా ఉన్న తోలు చెప్పులు వచ్చాయి. 'నడుస్తాంటె చెప్పులున్నట్టే లేదు' అంది.

తొడిగాక కూడా...

కొత్త జోడును మొదటిరోజే గంటల తరబడి వేయొద్దు. పావుగంట, ఇరవై నిమిషాలు ఇంట్లో నడిపించి, విప్పి చూడండి. పట్టీ మరక లేతగా పడి కాసేపటికి పోతే పరవాలేదు. ఎర్రటి గీత అరగంటైనా పోకపోతే, చిటికెన వేలి పక్కన, మడమ వెనక బొబ్బ లేస్తే ఆ జోడు తిరిగి ఇచ్చేయడమే. అందుకే బిల్లు దాచండి, మార్చి ఇస్తారో లేదో కొనేముందే అడగండి.

ఈ వయసులో పాదం నెలకు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. మూడు నెలలకే అర సెంటీమీటరు దగ్గరపడుతుంది. అంటే ఒక్కో జోడు నాలుగైదు నెలల ముచ్చటే. ఖరీదైనవి మూడు జోళ్లు కొనే బదులు సరిపోయేది ఒక్కటి కొని, చిన్నదవగానే మార్చడం మేలు. అక్క బూట్లు చెల్లికి, అన్న బూట్లు తమ్ముడికి వేసేముందు అడుగు ఒక పక్కకు అరిగిందేమో, లోపల వేళ్ల గుంటలు పడ్డాయేమో చూడండి. ఆ గుంటలు ఇంకో పాదానివి. ఎక్కువ వాడని శాండల్స్ అయితే ఇబ్బంది ఉండదు.

బడి మొదలయ్యాక ఇంకో చిక్కు. నల్ల బూట్లు, తెల్ల సాక్సు, అదీ ఎండాకాలంలో! మా పాపను చేర్పించబోయే ప్లేస్కూల్లో కూడా అదే నియమం. అట్ట పాదం తీసుకుని వెళ్లి ప్రిన్సిపాల్ మేడంను కలిశాను. వాళ్లమ్ముతున్న బూటులో అట్టను పెట్టి చూపించాను. రెండు పక్కలా మడత పడింది. ఆమె ఒక నిమిషం చూసి, 'నల్ల రంగు శాండల్స్ వేయండి, చాలు' అన్నారు. ఆ మాట మిగతా తల్లులకు కూడా వర్తిస్తుందా అని అడిగితే సరేనన్నారు. నోరు తెరిచి అడిగితే, చేతిలో కొలత ఉంటే, వినేవాళ్లు ఉంటారు.

మా తమ్ముడి సంగతంటారా? నొచ్చుకుంటాడేమోనని భయపడ్డాను. అతనికి పాప పాదం కొలతలు సెంటీమీటర్లలో రాసి పంపాను. పాదం గీసిన కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసి పంపితే చాలదు, తెర మీద సైజు మారిపోతుంది కదా! 'ముందే చెబితే మేజరింగ్ టేపు పెట్టుకునే షాపుకు పోయేవాణ్ని కదక్కా' అన్నాడు. ఆ గులాబీ బూట్లు పక్కింటి పాపకు చక్కగా సరిపోయాయి. సన్న పాదాలు ఆ పిల్లవి. ఆమె పాదాలూ అందమే, మా పాపవీ అందమే. ఏ పాదాన్నీ చిన్నబుచ్చని జోడు వెతకడం పెద్దవాళ్ల పని.

వంటింటి క్యాలెండరులో గ్యాసు బుక్ చేసిన తేదీ, పాల లెక్క రాసుకుంటాం కదా. రెండు నెలలకోసారి 'పాదం కొలత' అని కూడా రాసి పెట్టుకోండి. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు మీ పిల్లల వేళ్లను ఏళ్ల తరబడి కాపాడతాయి.